ఇన్సులిన్ పంప్ సెట్ ఎక్కడ పెట్టుకోవాలి, షుగర్ దిగకపోతే ముందు ఏం చూడాలి

జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారం. పొద్దున్నే స్నానం చేసి, పొట్టకు కుడి పక్కన ఇన్సులిన్ పంప్ కొత్త సెట్ (పంప్ నుంచి చర్మం కిందకు ఇన్సులిన్ తెచ్చే ట్యూబ్, గొట్టం, ప్లాస్టర్) పెట్టుకుని, చీర కట్టుకుని, శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస వైపు ఆటోలో బడికి వెళ్లాను. రెండో పీరియడ్‌కి నాలుక పిడచగట్టింది. వేలు గుచ్చి చూస్తే 318. తిన్నది రెండు ఇడ్లీలు, దానికి బోలస్, అంటే ఆ తిండికి సరిపడా ఇన్సులిన్ డోసు, కూడా సరిగ్గానే ఇచ్చాను. పంప్ తెర మీద ఏ హెచ్చరికా లేదు. ఇంకో బోలస్ ఇచ్చాను. గంట తర్వాత 341. ఖాళీ గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్లాస్టర్ ఊడదీశాను. చర్మం కింద నిటారుగా ఉండాల్సిన మెత్తటి గొట్టం గేలంలా వంగి బయటికొచ్చింది. ప్లాస్టర్ అడుగు తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఫినాయిల్ వాసన.

ఆ సెట్‌ను నేను పెట్టుకున్నది సరిగ్గా లంగా బొందు బిగించే చోట.

నాకు టైప్ 1 డయాబెటిస్ వచ్చి పద్దెనిమిదేళ్లు, పంప్ పెట్టుకుని ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో మెషీన్ చెడిపోయి ఇబ్బంది పడింది చాలా తక్కువ. గొడవంతా చర్మం కింద ఉండే ఆ చిన్న గొట్టం దగ్గరే. అది ఎక్కడ దిగింది, దాని మీద ఏం ఒత్తుతోంది, పెట్టి ఎన్ని రోజులైంది అన్నవి సరిగ్గా ఉంటే పంప్ తన పని తాను చేసుకుపోతుంది. కొత్తగా పంప్ తీసుకునేవాళ్లు ఏ కంపెనీది మంచిదని అడుగుతారు. నా ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగేవాళ్లు తక్కువ. మూడు రోజులకోసారి మన ముందుకొచ్చేది మాత్రం ఈ రెండో ప్రశ్నే. డోసుల లెక్కలు మీ డాక్టర్ గారు చెప్పాలి, వాటి జోలికి నేను పోను. చోటు, సెట్, తేడా వచ్చినప్పుడు ఏ పని ముందు చెయ్యాలి, ఈ మూడింటి గురించే రాస్తున్నాను.

పంప్ మీద ఉన్నవాళ్లకు టైమ్ ఎందుకంత ముఖ్యమో మొదట చెప్పాలి. ఇంజెక్షన్లు వేసుకునేవాళ్ల ఒంట్లో రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మనకు అది లేదు. పంప్‌లో పోసేది త్వరగా పనిచేసి కొన్ని గంటల్లో అయిపోయే ఇన్సులిన్ ఒక్కటే. అదే చుక్కచుక్కగా పడుతూ ఉంటే బేసల్, తిన్నప్పుడు ఒక్కసారిగా పడితే బోలస్. దారి మూసుకుపోతే రెండు మూడు గంటల్లో షుగర్ ఎగబాకడం మొదలవుతుంది, వెంటే కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటే రక్తంలో చేరే ఆమ్లాలు. అలాగే వదిలేస్తే అదే రోజు ఆ ఆమ్లాలు పేరుకుపోయే కీటోఅసిడోసిస్ దాకా పోవచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. మా డాక్టర్ గారుండే విశాఖ శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్ల పైన. ఇచ్ఛాపురం వాళ్లకైతే ఇంకా దూరం. రాత్రి పదకొండింటికి షుగర్ 350 ఉంటే పొద్దున చూద్దాంలే అనుకోవడానికి మనకు వీల్లేదు.

చోటు ఎంచుకోవడం

అందరూ మొదలుపెట్టేది పొట్ట మీదే. అందుకు కారణం ఉంది. ఇన్సులిన్ అక్కడ త్వరగా, ఒకే తీరుగా రక్తంలో కలుస్తుంది. మన చేత్తో మనం, కళ్లతో చూసుకుంటూ పెట్టుకోవచ్చు. బొడ్డు చుట్టూ మూడు వేళ్ల వెడల్పు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు వదిలేసి మిగతా చోటు వాడుకోవచ్చు. పుస్తకాల్లో బొమ్మలు కూడా ఇలాగే చూపిస్తాయి. కానీ ఆ బొమ్మలో మనిషి చీర కట్టుకుని ఉండదు. లంగా బొందు, చుడీదార్ నాడా, మగవాళ్లకు బెల్టు, ఇంట్లో లుంగీ ముడి అన్నీ వచ్చి పడేది ఆ పొట్ట మీదే. బొందు మెత్తటి గొట్టాన్ని నొక్కుతుంది, మనం వంగి లేచినప్పుడల్లా పక్కకు లాగుతుంది. సాయంత్రానికి గొట్టం వంగిపోతుంది, లేదా పక్క నుంచి ఇన్సులిన్ కారిపోతుంది.

ఇందుకు నేను చేసే పని చాలా చిన్నది. సెట్ మార్చే ముందు రోజు రాత్రి బట్టలు మార్చుకునేటప్పుడు నడుం చుట్టూ బొందు అచ్చు ఎర్రగా కనిపిస్తుంది కదా, దాని మీద బాల్ పెన్నుతో రెండు చిన్న గీతలు పెట్టుకుంటాను. పొద్దున సెట్ పెట్టేది ఆ గీతకు రెండు వేళ్లు పైన గానీ, కింద గానీ. తర్వాత కుర్చీలో కూర్చుని చూస్తాను. నిలబడి ఎంచుకున్న చోటు కూర్చుంటే పొట్ట మడతలో పడిపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

నడుం వెనక, పిరుదు పై భాగం రెండో చోటు. కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే భాగం కాదు, దానికి పైన, పక్కగా ఉండే మెత్తటి భాగం. ఇన్సులిన్ ఇక్కడ పొట్ట కంటే నెమ్మదిగా కలుస్తుంది. కానీ కొవ్వు బాగా ఉంటుంది కాబట్టి బక్కపిల్లలకు, పొట్ట మీద చిటికెడు కొవ్వు కూడా పట్టుకోవడానికి దొరకని వాళ్లకు దీన్ని మించిన చోటు లేదు. పసిపిల్లల చేతికి అందదు, పీక్కోరు. ఇబ్బంది ఒక్కటే, మనకు మనం చూసుకోలేం. పెట్టడానికి ఇంకో మనిషి కావాలి, లేదా నిలువుటద్దం ముందు కొన్నాళ్లు అలవాటు పడాలి. కనపడదు కాబట్టి ఎర్రబడినా, తడిసినా తెలియదు. రోజుకు ఒక్కసారైనా ఇంట్లో ఎవరితోనైనా చూపించుకోవాలి.

తొడ నాకు ఇష్టమైన చోటు. పై భాగంలో, బయటి పక్కకు. చీరలో దాని మీద ఏదీ ఒత్తదు. బిగుతు జీన్స్ వేసుకునే కుర్రాళ్లకు మాత్రం ఇది వద్దంటాను. ప్యాంటు దించినప్పుడల్లా ట్యూబ్ తగులుకుని సెట్ ఊడొస్తుంది. గొంతుక్కూర్చుని పనిచేసేవాళ్లకు, నాట్లు వేసేవాళ్లకు కూడా తొడ లాగినట్టుంటుంది. తొడతో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఊరికే కూర్చున్న రోజు ఇన్సులిన్ నెమ్మదిగా ఎక్కుతుంది, నడిచిన రోజు త్వరగా ఎక్కుతుంది. ఒక రథసప్తమికి అరసవల్లిలో రెండు గంటలు క్యూలో నిలబడి, నడిచి, గుడి బయటికొచ్చేసరికి చేతులు వణికాయి. చూస్తే 62. నడక వల్ల షుగర్ ఎలాగూ తగ్గుతుంది, దానికి తోడు ఆ రోజు సెట్ తొడకే ఉంది. అప్పటి నుంచి ఎక్కువ నడక ఉన్న రోజు సెట్ పొట్టకు మారుస్తాను, చేతిసంచిలో గ్లూకోజ్ పొడి ఉంచుకుంటాను.

చేయి, అంటే మోచేతికి పైన వెనక వైపు. ఇక్కడ కూడా పనిచేస్తుంది, కానీ ఒంటి చేత్తో పెట్టుకోవడం కష్టం. జాకెట్టు చేతులు బిగుతుగా ఉంటే నొక్కేస్తాయి. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే రాత్రంతా దాని మీదే బరువు. నేను చేతిని, షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు చూపించే సెన్సార్‌కు వదిలేశాను. సెన్సార్, సెట్ రెండూ ఒకే పక్క పెట్టాల్సి వస్తే మధ్యలో మూడు అంగుళాలు ఎడం ఉండేలా చూసుకోండి. సెన్సార్ మీద పడుకుంటే అది లేని తక్కువ షుగర్ చూపించి అర్ధరాత్రి లేపేస్తుంది. అలాంటప్పుడు పంచదార నోట్లో వేసుకునే ముందు వీలైతే వేలు గుచ్చి చూడండి. చెమటలు పట్టి తూలుతున్నట్టుంటే మాత్రం ముందు పంచదార, తర్వాతే పరీక్ష.

మొత్తం మీద నన్నడిగితే, చీర కట్టుకుని పనికి వెళ్లే ఆడవాళ్లు పని రోజుల్లో తొడ, నడుం వెనక వాడుకుని, ఇంట్లో నైటీలో ఉండే రోజులకు పొట్టను దాచుకోవడం మేలు. ఆఫీసులో కూర్చునే మగవాళ్లకు బెల్టుకు పైన పొట్ట బాగుంటుంది. బక్కపిల్లలకు నడుం వెనక. ఎవరైనా సరే, ఒక్క చోటుకే అతుక్కుపోకూడదు.

గడ్డల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. పంప్ రాకముందు నుంచీ పొట్టకు ఎడమ పక్కన ఒకే చోట సూదులు వేసుకునేదాన్ని. నొప్పి ఉండదు కదా అని. ఒకే చోట పదే పదే ఇన్సులిన్ పడితే అక్కడ కొవ్వు ఉబ్బి మెత్తటి గడ్డ కడుతుంది, స్పర్శ కూడా తగ్గుతుంది. అందుకే నొప్పి తెలియదు, అందుకే మళ్లీ అక్కడికే చేయి పోతుంది. అందులో పడిన ఇన్సులిన్ ఒకరోజు ఎక్కదు, ఒకరోజు ఆలస్యంగా ఎక్కుతుంది. కంటికి కనపడకపోవచ్చు. స్నానంలో సబ్బు చేత్తో పొట్టంతా నెమ్మదిగా తడిమి చూడండి. మామూలు చర్మం కింద వేళ్లు జారిపోతాయి, గడ్డ దగ్గర చలిమిడి ముద్ద నొక్కినట్టు తగులుతుంది. ఆ చోటును నెలల తరబడి వదిలెయ్యాలి. నాది తగ్గడానికి ఏడాది దగ్గర పట్టింది. ఇంకో ముఖ్యమైన మాట: గడ్డ నుంచి మంచి చోటుకు మారితే అదే డోసు ఎక్కువగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు. మారే ముందే డాక్టర్ గారికి చెప్పి డోసు గురించి అడగండి.

చోట్లు మార్చడానికి నాకు ఏ యాప్ అక్కర్లేదు. వంటింట్లో తిథులు, వర్జ్యాలు ఉన్న గోడ క్యాలెండర్ మీదే రాస్తాను. కు.పొ. అంటే కుడి పొట్ట, ఎ.తొ. అంటే ఎడమ తొడ. పాత రంధ్రానికి కనీసం అంగుళం దూరం. మచ్చలు, కుట్లు, పుట్టుమచ్చలు, కాన్పు చారలు ఉన్న చోట పెట్టను.

ఏ రకం సెట్

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ట్యూబ్ ఉన్న పంపులే, వాటికి మూడు రకాల సెట్లు. మొదటిది నిటారుగా దిగే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. దీన్నే కాన్యులా అంటారు. 6, 9 మిల్లీమీటర్ల పొడవుల్లో వస్తుంది. స్ప్రింగ్ మీట నొక్కితే దిగిపోతుంది, కొత్తవాళ్లకు ఇదే తేలిక. కానీ సన్నగా ఉన్నవాళ్లలో కండకు తగిలి వంగిపోతుంది. రెండోది వాలుగా దిగేది. పొడవు ఎక్కువ, చేత్తో పెట్టుకోవాలి, మొదట్లో భయమేస్తుంది. దీని గుణం ఏమిటంటే గొట్టం దిగిన చోటు పైనున్న చిన్న కిటికీలోంచి కనిపిస్తుంది, ఎర్రబడితే ఇట్టే తెలుస్తుంది. బక్కగా ఉన్నవాళ్లకు, కండ తేలినవాళ్లకు, గర్భిణులకు ఇది బాగా నప్పుతుంది.

మూడోది స్టీల్ సూది. వంగదు, అదే దీని గొప్ప. మా వీధిలో తొమ్మిదేళ్ల పాప ఉంది, కబడ్డీ అంటే ప్రాణం. ఒక వారంలో మూడు ప్లాస్టిక్ గొట్టాలు వంగిపోయాయి. వాళ్లమ్మ ఏడుపు మొహంతో మా ఇంటికొచ్చింది. డాక్టర్ గారిని అడిగి స్టీల్ సెట్ వాడి చూడమన్నాను. వాళ్ల నాయనమ్మ ఒప్పుకోలేదు. "సూదేటమ్మా, రేతిరీ పగలూ పిల్ల ఒంట్లో ఉంచడమేటి?" అంది. ఆవిడ భయం అబద్ధం కాదు, గట్టిగా తగిలితే చురుక్కుమంటుంది. కానీ రెండు వారాలకు ఆ పిల్లకు సూది సంగతే గుర్తులేదు. స్టీల్‌తో ఉన్న చిక్కు, రెండు రోజులకు మించి ఉంచకూడదు. ప్లాస్టిక్‌ది రెండు మూడు రోజులు వస్తుంది. అంటే నెలకు సెట్లు ఎక్కువ పడతాయి, ఖర్చూ పెరుగుతుంది. అయినా మధ్యలో వంగి పారేసినవాటి ఖర్చు కలిపి చూస్తే ఆ పాప ఇంట్లో పెద్ద తేడా పడలేదు.

డబ్బు మిగులుతుందని ప్లాస్టిక్ సెట్‌ను నాలుగో రోజుకు, ఐదో రోజుకు సాగదీసేవాళ్లు ఉన్నారు. నేనూ చేశాను, బాధ నాకు తెలుసు. మూడో రోజు దాటాక ఇన్సులిన్ ఎక్కడం తగ్గుతుంది, ఆ చోట వాపు, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. మీ సెట్ అట్టపెట్టె మీద ఎక్కువ రోజులు వాడవచ్చని ఉంటే తప్ప ఆ పని చెయ్యకండి.

ట్యూబ్ లేకుండా నేరుగా ఒంటికి అతికే ప్యాచ్ పంపులు కూడా ఉన్నాయి. తలుపు గడియకు, కుర్చీ చేతికి ట్యూబ్ తగులుకునే బాధ లేదు. కానీ లోపల గొట్టం వంగితే దాన్ని మాత్రమే మార్చలేం, ఇన్సులిన్‌తో సహా మొత్తం తీసి పారెయ్యాలి. ఏ పంప్ అయినా కొనే ముందు, దాని సెట్లు మీకు నెలనెలా ఎక్కడి నుంచి, ఎన్ని రోజుల్లో వస్తాయో కనుక్కోండి. పంప్ ఎంత గొప్పదైనా సెట్ అందకపోతే సూదుల మీదికి రావాల్సిందే.

షుగర్ దిగనప్పుడు

కారణం తెలియకుండా షుగర్ 250 దాటిందనుకోండి. మీ ముందు మూడు దారులుంటాయి: పంప్‌తోనే దిద్దుబాటు బోలస్ ఇవ్వడం, సిరంజితో గానీ పెన్నుతో గానీ వేసుకోవడం, సెట్ మార్చడం. ఏది ముందో కీటోన్ల పరీక్ష చెబుతుంది. కీటోన్లు లేకపోతే పంప్‌తో ఒక్కసారి బోలస్ ఇచ్చి గంట ఆగి చూడొచ్చు. గంట తర్వాత తగ్గుముఖం పట్టకపోతే పంప్‌ను ఇక నమ్మకూడదు. సిరంజితో వేసుకుని, సెట్, ట్యూబ్, ఇన్సులిన్ అన్నీ కొత్తవి పెట్టాలి. కీటోన్లు మొదటే ఉంటే, రక్తంలో లీటరుకు 0.6 మిల్లీమోల్స్ దాటితే, ఆ గంట కూడా ఆగొద్దు. నేరుగా సిరంజి, వెంటనే సెట్ మార్పు, నీళ్లు బాగా తాగడం. 1.5 దాటితే డాక్టర్ గారికి ఫోన్. 3 దాటినా, వాంతులవుతున్నా, ఆయాసం వచ్చినా ఇంట్లో ఉండకూడదు.

బడిలో ఆ రోజు నేను చేసిన తప్పు ఇదే. కీటోన్లు చూడకుండా పంప్‌ను నమ్మి రెండో బోలస్ ఇచ్చాను. అది కూడా ప్లాస్టర్ కిందకే పోయింది.

సిరంజితో వేసుకున్న ఇన్సులిన్ సంగతి పంప్‌కు తెలియదు. మీరు చెప్పకపోతే అది తన లెక్కలో తాను మళ్లీ దిద్దుతుంది, రెండూ కలిసి షుగర్ ఢామ్మని పడిపోతుంది. దానంతట అదే ఇన్సులిన్ సర్దుకునే మోడ్ వాడేవాళ్లు, ఇలాంటప్పుడు ఎంతసేపు ఆ మోడ్ ఆపాలో ముందే అడిగి రాసి పెట్టుకోండి.

పంప్ ఎందుకు అరవలేదు అని చాలామంది అడుగుతారు. అది కనిపెట్టేది ట్యూబ్‌లో ఒత్తిడిని. దారి పూర్తిగా మూసుకుపోతే ఒత్తిడి పెరిగి ఎప్పటికో అలారం ఇస్తుంది. బేసల్ తక్కువగా ఉండే చిన్నపిల్లలకు ఆ ఒత్తిడి పెరగడానికే గంటలు పడుతుంది. ఇన్సులిన్ పక్క నుంచి బయటికి కారిపోతుంటే అడ్డే లేదు కాబట్టి అలారమే రాదు. అందుకే పంప్ మాట కంటే మీ కన్ను, ముక్కు, మీటర్ ముందు. ఇన్సులిన్‌లో నిల్వ కోసం ఫినాల్, క్రెసాల్ లాంటివి కలుపుతారు, ఆ వాసన పసిగడితే ఎక్కడో కారుతోందని అర్థం. పంప్‌లో ఇన్సులిన్ నింపే రిజర్వాయర్ మూత దగ్గర, ట్యూబ్ జాయింట్ దగ్గర, ప్లాస్టర్ అంచున వేలితో తడిమి వాసన చూడండి. గొట్టంలో రక్తం కనిపిస్తే, ఆ చోట మండినా, వేడిగా గట్టిపడినా, షుగర్ ఎంతున్నా సరే తీసెయ్యండి. చీము కనిపిస్తే నొక్కొద్దు, డాక్టర్ గారికి చూపించండి.

బుడగలు ఇంకో తలనొప్పి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్‌ను చల్లగా ఉండగానే రిజర్వాయర్‌లోకి లాగితే, తర్వాత వెచ్చబడుతూ బుడగలు కడుతుంది. అరగంటో గంటో బయట ఉంచి నింపండి, నిలువుగా పట్టుకుని వేలితో తట్టి బుడగలు పైకి తెచ్చి పంపెయ్యండి. ట్యూబ్‌లో అంగుళం పొడవు బుడగ అంటే సుమారు అర యూనిట్ ఇన్సులిన్ లోటు. పెద్దవాళ్లకు అది చిన్న సంగతి, ఇరవై కిలోల పిల్లకు చిన్నది కాదు. బుడగ తొయ్యడానికి ట్యూబ్ నింపేటప్పుడు ఒంటి నుంచి ఆ ట్యూబ్ విప్పి తీరాలి. తగిలించి ఉండగా ట్యూబ్ నింపితే ఆ యూనిట్లన్నీ ఒంట్లోకి పోతాయి. ఎంత హడావిడిలో ఉన్నా ఇది మరవకండి.

సెట్ మార్చే వేళ పొద్దుటిదే మంచిది. రాత్రి పడుకునే ముందు మారిస్తే, గొట్టం వంగిన సంగతి తెల్లారితే గానీ తెలియదు. పొద్దున మార్చి, టిఫిన్ బోలస్ ఇస్తే దారి తెరిచి ఉందో లేదో రెండు మూడు గంటల్లో తేలిపోతుంది. బడికి వెళ్లే పిల్లలకు పొద్దున కుదరదంటారా, సాయంత్రం ఇంటికి రాగానే మార్చండి.

చెమట, ఎండ, కరెంటు

మన జిల్లాల్లో ప్లాస్టర్‌కు అసలు శత్రువు ఉక్కపోత. సముద్రపు గాలిలో తేమ, ఒంటి మీద కొబ్బరినూనె, పౌడరు. ఈ మూడింటి మీద ఏ జిగురూ నిలవదు. తలంటు రోజున సెట్ మార్చేట్టయితే ముందు తలంటు కానిచ్చి, సబ్బుతో నూనె పోయేలా కడిగి, ఆరాక స్పిరిట్ దూది రాసి, అదీ పూర్తిగా ఆరాకే పెట్టండి. తడి మీద పెడితే మంట, జిగురూ పట్టదు. పైన పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ ప్లాస్టర్ ఒకటి అతికిస్తే రెండు మూడు రోజులు కదలదు. కాగితపు టేపు చవకే గానీ చెమటకు ఊడిపోతుంది. తీసేటప్పుడు మాత్రం అదే కొబ్బరినూనె అంచుల చుట్టూ రాసి పది నిమిషాలు ఆగితే చర్మం లేవకుండా వచ్చేస్తుంది. తర్వాత ఆ నూనె కడిగెయ్యండి.

పంప్‌లో ఉన్న ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటిన వేడిలో ఉంటే దాని బలాన్ని నమ్మలేం. విశాఖలో డాక్టర్ గారి దగ్గర పరిచయమైన పలాస కుర్రాడు జీడిపప్పు కార్ఖానాలో కాల్చే పొయ్యి దగ్గర పనిచేస్తాడు. సెట్ కొత్తది, చోటు మంచిది, అయినా రోజూ సాయంత్రానికి షుగర్ 280. బెల్టుకు తగిలించిన పంప్ పొయ్యి వైపే ఉండేది. చొక్కా లోపల రెండో పక్కకు మార్చి, వేడి తగిలిన రోజు రిజర్వాయర్‌లో ఇన్సులిన్ మార్చడం మొదలుపెట్టాక కుదుటపడ్డాడు. ఎండలో ఆపిన బండి డిక్కీలో పంప్ సామాను వదలొద్దు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. మళ్లీ అలాంటిది రాదని అనుకోవడానికి లేదు. కరెంటు పోతే ఇన్సులిన్ బుడ్డీలను నీళ్లు పోసిన మట్టి కుండలో, తడి తగలకుండా కవర్లో చుట్టి డబ్బాలో పెట్టి ఉంచవచ్చు. మంచు గడ్డకు ఆనించొద్దు, గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు. మీ పంప్ సెల్‌తో నడిచేదైతే నాలుగు కొత్త సెల్లులు, ఛార్జింగ్‌దైతే పవర్ బ్యాంక్ ఎప్పుడూ నిండుగా ఉంచండి.

చేతిసంచిలో నేను తిప్పేవి: రెండు సెట్లు, ఒక రిజర్వాయర్, ఇన్సులిన్ బుడ్డి, సిరంజిలు, మీటర్, కీటోన్ స్ట్రిప్పులు, గ్లూకోజ్. సిరంజి దగ్గర ఒక్క క్షణం ఆగండి. పంప్‌కు వాడేది యూ-100 ఇన్సులిన్, అంటే మిల్లీలీటరుకు వంద యూనిట్లు ఉండేది. మన మందుల షాపుల్లో యూ-40 ఇన్సులిన్, దానికి ఎర్ర మూత సిరంజిలు కూడా దొరుకుతాయి. యూ-100కు నారింజ రంగు మూత సిరంజే వాడాలి. తొందరలో ఎర్ర మూత సిరంజితో యూ-100 లాగితే పది గీతలకు ఇరవై ఐదు యూనిట్లు పడతాయి. ఒకసారి షాపులో అడిగిందొకటి, ఇచ్చిందొకటి. ఇంటికొచ్చి మూత రంగు చూశాను కాబట్టి సరిపోయింది. తీసుకునేటప్పుడే మీరు కళ్లతో చూసుకోండి.

స్నానానికి, నాగావళిలో మునకకు పంప్ విప్పితే గంట లోపల మళ్లీ తగిలించాలి. విజయనగరం సిరిమానోత్సవం లాంటి జనంలోకి వెళ్లేటప్పుడు పొట్టి ట్యూబ్, పంప్ బట్టల లోపల. పొడవు ట్యూబ్ ఎవరి చేతిసంచికి తగులుకున్నా సెట్ ఊడిపోతుంది.

నా సంచి ముందు అరలో ప్లాస్టిక్ కవర్లో ఒక చీటీ ఉంటుంది. తెలుగులోనే, పెద్ద అక్షరాలతో: "నాకు టైప్ 1 డయాబెటిస్. నడుముకున్నది ఇన్సులిన్ పంప్, ఫోన్ కాదు. ఇది విప్పితే నా ఒంట్లో వేరే ఇన్సులిన్ లేదు. ఎక్స్‌రేకి, స్కానింగ్‌కి తీసినా గంట లోపల మళ్లీ తగిలించాలి, లేదా బదులు ఇన్సులిన్ ఇవ్వాలి. తెలివి తప్పి ఉంటే ముందు షుగర్ చూడండి, 108కి ఫోన్ చెయ్యండి." వెనక వైపు డాక్టర్ గారి నంబరు, ఏ గంటకు ఎంత బేసల్, పంప్ ఆగిపోతే వేసుకోవాల్సిన ఇంజెక్షన్ లెక్క. డోసులు మారినప్పుడల్లా పాత చీటీ చింపేసి కొత్తది రాస్తాను. ఇంకొకటి బడిలో నా పక్క సీటు టీచరమ్మ దగ్గర ఉంది, మూడోది వంటింట్లో ఆ గోడ క్యాలెండర్ వెనకే వేలాడుతుంది.